కారుకు పళ్ళు చూశారా?

సంతలో ఎద్దును కొనే రైతును ఎప్పుడైనా గమనించారా? అమ్మేవాడి మాటలు ఒక చెవిన వింటూనే, ముందు దాని మూతి పట్టుకొని కింది పెదవి లాగి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, నోరు కలిసిందా తేల్చుకుంటాడు. ఆ తరవాత సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. కొమ్ములకు పూసిన రంగునూ, మెళ్ళో కట్టిన గంటలనూ మాత్రం చూసీ చూడనట్టు వదిలేస్తాడు. అవి సంత కోసం చేసిన సింగారమని అతనికి తెలుసు.

ఆ రైతు మనవడే పట్నంలో సెకండు హ్యాండు కారు కొనటానికి బయలుదేరితే వ్యవహారం తలకిందులవుతుంది. ఇంటిల్లిపాదీ వెంట వెళతారు. భార్య సీట్లు నొక్కి చూస్తుంది. పిల్లలు హారను మోగిస్తారు. మామగారు ఏ.సి. చల్లదనం పరీక్షిస్తారు. బావమరిది టైర్లను కాలితో తన్ని చూస్తాడు. ఎందుకు తన్నాడో అతనికీ తెలియదు, తన్నించుకున్న టైరుకూ తెలియదు. చివరికి అందరూ కలిసి, "రంగు బాగుంది" అని తీర్మానిస్తారు. అంటే తాతగారు చూడకుండా వదిలేసిన కొమ్ముల రంగు చూసి మనవడు కారు కొంటున్నాడన్నమాట!

"కారుకు పళ్ళెక్కడున్నాయి, చూడటానికి?" అంటారేమో. వున్నాయి. చాలా కార్లలో ఇంజను పక్కన, ఒక మూత వెనకాల, పళ్ళున్న రబ్బరు పట్టీ ఒకటి తిరుగుతూ వుంటుంది. దాన్ని టైమింగు బెల్టు అంటారు. మిగతా కార్లలో ఆ పని ఇనప గొలుసు చేస్తుంది. అది టైమింగు చైను. కొనేవాడి కంటికి ఈ రెండూ మామూలుగా కనిపించవు. కారు మొత్తంలో వీటికి అయ్యే ఖర్చూ పెద్దది కాదు. గాని సమయానికి మార్చకపోతే ఇంజనును మింగేసే శక్తి వీటికి వుంది. అంచేత ఈ వారం వీటి సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

లోపల జరిగే కోలాటం

ఇంజనులో కింద ఒక ఇరుసు, పైన ఒక ఇరుసు వుంటాయి. కిందిది క్రాంకు షాఫ్టు. పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతూ దాన్ని తిప్పుతాయి. పైది క్యాము షాఫ్టు. అది వాల్వుల్ని తెరుస్తుంది. వాల్వులంటే చిన్న తలుపులనుకోండి. గాలి లోపలికి రావటానికి కొన్ని, పొగ బయటికి పోవటానికి కొన్ని. కింది ఇరుసు రెండు చుట్లు తిరిగే వేళకు పై ఇరుసు సరిగా ఒక్క చుట్టు తిరగాలి. రెండుంబావు కాదు, ఒకటి ముప్పాతిక కాదు, రెండుకు ఒకటి. ఆ లెక్క తప్పకుండా రెండు ఇరుసులనూ కలిపి కట్టి వుంచేదే ఈ బెల్టు, లేదా చైను.

ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతోందంటే, ఒక్కో వాల్వూ నిమిషానికి పదిహేను వందలసార్లు, అంటే సెకనుకు ఇరవై అయిదుసార్లు తెరుచుకొని మూసుకుంటుంది. చాలా ఇంజన్లలో పిస్టను పైకి వచ్చే చోటుకే వాల్వు కిందికి దిగుతుంది. ఒకటి వచ్చేసరికి రెండోది తప్పుకోవాలి. కోలాటం చూశారు గదా! అందరి అడుగూ కలిసినంతసేపూ కర్ర కర్రకే తగులుతుంది. ఒక్కరి అడుగు తప్పితే కర్ర చేతి కణుపులమీద పడుతుంది.

బెల్టు తెగినా, దాని పళ్ళు నాలుగు వూడి జారినా జరిగేది అదే. పై ఇరుసు ఆగిపోతుంది. తెరిచిన వాల్వు తెరిచినట్టే వుండిపోతుంది. కారు వేగంమీద వుంది కనక కింది ఇరుసు ఇంకా తిరుగుతూనే వుంటుంది. పిస్టను పైకి వచ్చి వాల్వును గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి. ఒక్కోసారి పిస్టనుకు గుంటపడుతుంది, పగులుతుంది కూడా. ఇంజను హెడ్డు విప్పక తప్పదు. ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా జరిగిపోతుంది.

కొన్ని పెట్రోలు ఇంజన్లలో పిస్టనుకూ వాల్వుకూ మధ్య చోటు వదిలి వుంటారు. వాటిలో బెల్టు తెగితే కారు ఆగుతుందే గాని లోపల ఏమీ చెడదు. కొత్త బెల్టు వేస్తే చాలు. డీజిలు ఇంజన్లలో మాత్రం గాలిని గట్టిగా అణచాలి కనక పిస్టను హెడ్డు దాకా వస్తుంది. చోటు మిగలదు. అంచేత డీజిలు కారు కొనేవారు ఈ విషయంలో రెండింతలు జాగ్రత్తగా వుండాలి.

బెల్టు ఎప్పుడొచ్చింది?

మన పెద్దలు వాడిన అంబాసిడరుకూ, పద్మినీ అని పేరు మార్చుకున్న ఫియట్‌కూ మొదట వున్నవి చైన్లే. బెల్టు వాడకం తరవాత వచ్చింది. పశ్చిమ జర్మనీలో గ్లాస్ అనే కంపెనీ వుండేది. అంతకుముందు వ్యవసాయ యంత్రాలు చేసినవాళ్ళు. 1962లో వారు అమ్మకానికి తెచ్చిన 1004 అనే కారులో ఇరుసులు రెండింటినీ పళ్ళ పట్టీతో కలిపారు. పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో అదే మొదటిదని చెబుతారు. నాలుగేళ్ళకు, 1966లో, ఆ కంపెనీని బి.ఎం.డబ్ల్యు. కొనేసింది. కంపెనీ పోయినా పట్టీ మాత్రం ప్రపంచమంతా పాకింది. ఎందుకంటే అది తేలిక, చవక, చప్పుడు చెయ్యదు, నూనె అడగదు.

మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800తో బెల్టు మధ్యతరగతి గడపలోకి అడుగుపెట్టింది. మొదటి తరం శాంత్రోలో బెల్టే. ఇండికా డీజిల్లో బెల్టే. 2005 నుంచి 2016 దాకా అమ్ముడైన ఇన్నోవా రెండున్నర లీటర్ల డీజిల్లో బెల్టే. డస్టరు ఒకటిన్నర లీటర్ల డీజిల్లో కూడా బెల్టే. ఇహ మారుతీ వారి కె-సిరీస్ పెట్రోలు ఇంజన్లకూ, స్విఫ్టు, డిజైరులలో వచ్చిన 1.3 లీటర్ల డీజిలుకూ, ఇన్నోవా క్రిస్టా డీజిలుకూ చైన్లు.

పేరు చూసి మోసపోకండి. ఒకే పేరుతో వచ్చిన కారులో రెండు రకాలూ వుండవచ్చు. హ్యుందాయ్ ఐ-10నే తీసుకోండి. 1.1 లీటర్ల ఇంజనుకు బెల్టు, 1.2 లీటర్ల ఇంజనుకు చైను. పైకి చూస్తే అక్కచెల్లెళ్ళలా ఒక్కలాగే వుంటాయి. అంచేత "ఐ-10కి బెల్టా, చైనా?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. "ఏ ఇంజను, ఏ సంవత్సరం?" అని అడగాలి. జవాబు కారుతోబాటు ఇచ్చే యజమాని పుస్తకంలో వుంటుంది. ఎన్ని కిలోమీటర్లకు, ఎన్నేళ్ళకు మార్చాలో కూడా అందులోనే వుంటుంది. పుస్తకం పోయిందంటే కంపెనీ సర్వీసు సెంటరులో ఛాసిస్ నంబరు చెప్పి అడగండి. మరొక గుర్తు: ఇంజను పక్కన క్లిప్పులతో, చిన్న బోల్టులతో బిగించిన ప్లాస్టిక్ మూత వుంటే సాధారణంగా లోపల వున్నది బెల్టు. నూనె కారకుండా గట్టిగా బిగించిన లోహపు మూత అయితే చైను.

బిల్లు చదవటం

మా తోడల్లుడిగారు తెనాలిలో హైస్కూలు మాస్టారుగా పనిచేసి 2018లో రిటైరయ్యారు. అప్పుడే మా అత్తగారికి డయాలిసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు గుంటూరు తీసుకువెళ్ళి తీసుకురావాలి. ఆటో కుదుపులకు ఆవిడ తాళలేకపోయేది. గ్రాట్యుటీ డబ్బులోంచి తీసి మాస్టారు తొమ్మిదేళ్ళ డీజిలు కారొకటి కొన్నారు. కిలోమీటర్లు డెబ్భై రెండు వేలు చూపిస్తోంది. ఆయన అజాగ్రత్త మనిషి కాదు. "బెల్టు మార్పించారా?" అని అడిగారు. "మార్పించాం సార్, బిల్లు కూడా వుంది" అని అమ్మినవాడు చూపించాడు. బిల్లులో "బెల్టు - 1, కూలీ" అని వుంది. ముప్పై అయిదేళ్ళు పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి ఆ కాగితానికి పూర్తి మార్కులు వేశారు.

ఐదో వారంలో, నారాకోడూరు దాటాక, ఇంజను ఒక్కసారి గట్టిగా కొట్టుకొని ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేస్తే ఉట్టి గిరగిర చప్పుడే గాని పట్టుకోలేదు. ఎండలో మా అత్తగారు రోడ్డు పక్క చెట్టుకింద ముప్పావుగంట కూర్చున్నారు. ఆ పూట ఆమె మళ్ళీ ఆటోలోనే ఆసుపత్రికి చేరింది.

కబురు తెలిసి నేను వెళ్ళేసరికి కారు షెడ్డులో వుంది. మేస్త్రీ హెడ్డు విప్పి, ఎనిమిది వాల్వుల్లో ఆరు వంగిపోయినవి తీసి వరసగా బల్లమీద పెట్టాడు. పక్కనే తెగిన బెల్టు. మాస్టారు జేబులోంచి ఆ బిల్లు తీసి, "మరి ఇదేమిటయ్యా?" అన్నారు. మేస్త్రీ చేతులు తుడుచుకొని దాన్ని చదివాడు.

"ఇది ఫ్యాను బెల్టు బిల్లు మాస్టారూ. టైమింగు బెల్టు మార్చినోడు దాంతోపాటు టెన్షనరు రాస్తాడు, ఐడ్లరు బేరింగు రాస్తాడు, కిలోమీటర్లు రాస్తాడు. ఇంత కూలీకి ఆ పని ఎవడూ చెయ్యడండి. కాగితం అబద్ధం చెప్పలా. మనమే సగం చదివాం" అన్నాడు.

రిపేరుకు, కారు కొన్న ధరలో మూడోవంతు అయింది. అంతకంటె బాధపెట్టింది ఏమిటంటే, కారు తిరిగొచ్చేదాకా పద్దెనిమిది రోజులపాటు ఆ పెద్దావిడ మళ్ళీ ఆటోలో కుదుపులు పడుతూ తిరగవలసి రావటం.

ఆ రోజు మేస్త్రీ చెప్పింది, ఆ తరవాత అయిదారు కార్ల బేరాలలో నేను స్వయంగా చూసింది కలిపి చెబుతాను, చిత్తగించండి.

బెల్టుకు కాగితమే సాక్షి

మొదటి సంగతి: టైమింగు బెల్టు వేరు, ఫ్యాను బెల్టు వేరు. బానెట్టు ఎత్తగానే బయట కనిపించే నల్లటి పట్టీ ఆల్టర్నేటరునూ, ఏ.సి.నీ తిప్పేది. అది కొత్తగా మెరుస్తోందని మురిసిపోకండి. మనకు కావలసింది మూత వెనక వున్నది.

రెండోది: బిల్లులో "టైమింగు బెల్టు" అని స్పష్టంగా వుండాలి. టెన్షనరు, ఐడ్లరు కూడా వుండాలి. చాలా ఇంజన్లలో వాటర్ పంపును కూడా ఈ బెల్టే తిప్పుతుంది. అలాంటి చోట పంపును కూడా అప్పుడే మార్చటం మంచి పద్ధతి. విప్పిన కూలీ ఒక్కటే గదా. పాత టెన్షనరుమీద కొత్త బెల్టు వేయటమంటే చెదలు పట్టిన గుంజకు కొత్త పలుపుతాడు కట్టినట్టే.

మూడోది: బిల్లుమీద తేదీ, కారు నంబరు, అప్పటి కిలోమీటర్లు వుండాలి. ఆ కిలోమీటర్లు ఇప్పటి మీటరుతో పొసగాలి. రెండేళ్ళ కిందటి బిల్లులో తొంభై వేలని వుండి, ఇవాళ మీటరు డెబ్భై వేలు చూపిస్తే, మీటరును ఎవరో వెనక్కి తిప్పారన్నమాట. అప్పుడిహ బెల్టు గొడవ కాదు, బేరమే వద్దు. కంపెనీ సర్వీసు సెంటరులో చేయించిన పనులకు వారి దగ్గర లెక్క వుంటుంది. అమ్మేవారిని వెంటబెట్టుకు వెళ్ళి ఆ చరిత్ర కాగితంమీద తీయించుకోండి. ఎం-పరివాహన్‌లో కారు ఎన్ని చేతులు మారిందీ, ఇన్స్యూరెన్సు ఎప్పటిదాకా వుందీ తెలుస్తుంది. బెల్టు సంగతి మాత్రం ఏ ప్రభుత్వమూ రాసిపెట్టదు.

నాలుగోది, అందరూ మరిచిపోయేది: బెల్టుకు కిలోమీటర్లే కాదు, వయసు కూడా వుంది. అది రబ్బరు, లోపల గాజునారపోగులు, పళ్ళమీద నైలాను గుడ్డ. ఇంజను వేడికి రబ్బరు ఎండుతుంది. ఇంజనునుబట్టి అరవై వేలు, లక్ష, అంతకంటె ఎక్కువ కిలోమీటర్లని పుస్తకంలో గడువిస్తారు. దానితోపాటు ఇన్నేళ్ళని కూడా చాలామంది తయారీదారులు చెబుతారు. రెండింటిలో ఏది ముందొస్తే అదే గడువు. "ముసలాయన కారండీ, గుడికి తప్ప ఎక్కడికీ తీయలేదు, పదేళ్ళలో ముప్పై వేలే తిరిగింది" అంటారు చూశారూ, ఆ మాట వినగానే మనం లొట్టలు వేస్తాం. నిజానికి అటువంటి కారులో పదేళ్ళనాటి బెల్టే వుండే అవకాశం ఎక్కువ. మా మాస్టారి కారు కూడా కిలోమీటర్ల లెక్కన ఫరవాలేదనిపించింది, ఏళ్ళ లెక్కన గడువు దాటింది.

ఇహ కంటితో చూడగలిగింది కొంత వుంది. అమ్మేవారి అనుమతితో, ఇంజను ఆపి, మేస్త్రీ చేత పై మూత విప్పించండి. బెల్టుమీద సన్నటి పగుళ్ళున్నాయా, అంచులు పీచులు లేచాయా, పళ్ళు అరిగాయా, వీపు అద్దంలా నున్నగా మెరుస్తోందా చూడమనండి. ముఖ్యంగా నూనె తడి వుందేమో చూడాలి. ఇరుసుల దగ్గరి ఆయిలు సీళ్ళు కారితే ఆ నూనె రబ్బరును తినేస్తుంది. అటువంటి చోట సీళ్ళు మార్చకుండా బెల్టు మార్చినా లాభం లేదు. కొందరు మెకానిక్కులు బెల్టు మార్చిన తేదీ, కిలోమీటర్లు రాసి మూతమీద గాని, బానెట్టు కింద గాని చిన్న స్టిక్కరు అతికిస్తారు. అదీ వెతకండి.

అయితే ఒక హెచ్చరిక. పగుళ్ళుంటే బెల్టు చెడిందని చెప్పవచ్చు. పగుళ్ళు లేవు కనక బాగుందని మాత్రం చెప్పటానికి వీల్లేదు. లోపలి పోగులు తెగటం పైకి కనబడదు. కన్ను తప్పు పట్టగలదు గాని పూచీ ఇవ్వలేదు. పూచీ ఇచ్చేది బిల్లు ఒక్కటే.

చైనుకు చెవే సాక్షి

"మాది చైనండీ, జీవితాంతం చూడనక్కరలేదు" అంటారు అమ్మేవారు. ఎవరి జీవితాంతమో మనం అడగం. చైను సాధారణంగా ఇంజను వున్నన్నాళ్ళూ వుండాలనే చేస్తారు, నిజమే. గాని అది నూనెలో బతికే ప్రాణి. నూనె సమయానికి మార్చకపోతే, మట్టం తగ్గిపోతే, లంకెల్లోని పిన్నులు అరుగుతాయి. ఒక్కో లంకెలో వెంట్రుకవాసి అరిగినా అన్నీ కలిసి గొలుసు పొడుగవుతుంది. దాన్ని బిగించి వుంచే టెన్షనరు నూనె ఒత్తిడితోనే పనిచేస్తుంది. గొలుసు ఒరుసుకుపోయే ప్లాస్టిక్ దారులు కూడా అరుగుతాయి. చివరికి గొలుసు పళ్ళమీదనుంచి జారితే ఫలితం బెల్టు తెగినట్టే. పైగా చైను మార్చటానికి ఇంజను ఎక్కువ విప్పాలి, ఖర్చు కూడా సాధారణంగా ఎక్కువే.

చైను తెగేముందు చప్పుడు చేస్తుంది. బెల్టుకు లేని మంచి గుణం అది. ఆ చప్పుడు వినవలసిన వేళ ఒక్కటే: రాత్రంతా నిలిపివుంచిన బండిని పొద్దున మొదటిసారి స్టార్టు చేసే వేళ. అప్పటికి నూనె కిందికి దిగిపోయి వుంటుంది. మొదటి ఒకటి రెండు సెకన్లు చిన్న చప్పుడు కొన్ని ఇంజన్లలో సహజం. అంతకుమించి, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు గలగలమంటూ వుంటే, వేడెక్కాక కూడా వదలకపోతే, అనుమానించాలి.

2022లో మా అమ్మాయికోసం హైదరాబాదులో చైను కారొకటి చూడటానికి మెకానిక్కును తీసుకొని పొద్దున ఆరున్నరకు వెళ్ళాం. అతను ముందుగా బానెట్టుమీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా వుంది.

"ఇప్పుడే పాలకు వెళ్ళొచ్చానండీ" అన్నారు అమ్మే పెద్దమనిషి.

"ఫరవాలేదు సార్, రేపు మీరు పాలకు వెళ్ళకముందు వస్తాం" అన్నాడు మావాడు, ఎంతో మర్యాదగా.

మర్నాడు అయిదున్నరకే వెళ్ళాం. బానెట్టు చల్లగా వుంది. తాళం తిప్పగానే ఇంజను పక్కనుంచి మొదలైన గలగల పది సెకన్లయినా ఆగలేదు. నూనె డిప్‌స్టిక్కు తీస్తే మట్టం కింది గీతకు దిగువన వుంది. ఆయిలు మూత వెనక బంకమట్టిలా నల్లటి ముద్ద. మావాడు స్కానరు తగిలిస్తే పి-0016 అని కోడు వచ్చింది. కింది ఇరుసుకూ పై ఇరుసుకూ లెక్క పొసగటం లేదని ఆ కోడుకు అర్థం. అన్నిసార్లూ అది చైను తప్పే కానక్కరలేదు, సెన్సారు చెడినా రావచ్చు. గాని గలగలా, మురికి నూనే, ఆ కోడూ మూడూ ఒకచోట చేరితే చెప్పేదేముంది? నమస్కారం పెట్టి వచ్చేశాం.

డీజిలు ఇంజనుకు సహజంగానే చప్పుడెక్కువ. అందులో చైను చప్పుడు వేరుచేసి వినటం మనవల్ల అయ్యే పని కాదు. చెవి తిరిగిన మేస్త్రీ కావాలి. నూనె ఎప్పుడెప్పుడు మార్చారో చెప్పే సర్వీసు కాగితాలూ అడగండి. డాష్‌బోర్డులో ఇంజను బొమ్మ దీపం సంగతి కూడా చూడండి. తాళం తిప్పగానే అది వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో దాని నోరు నొక్కేశారన్నమాట.

ఇంజను నడుస్తూండగా వినటానికి వంగేటప్పుడు చెయ్యిగాని, పైటగాని, చున్నీగాని బెల్టుల దగ్గరికి పోనివ్వకండి. పిల్లల్ని ఎడంగా వుంచండి.

మూడోరకం ఒకటి వుంది. బెల్టే, కాని నూనెలో మునిగి తిరుగుతుంది. 2013లో మన దేశంలోకి వచ్చిన ఫోర్డు ఎకోస్పోర్టులో ఒక లీటరు ఎకోబూస్టు ఇంజను అటువంటిది. అందులో కంపెనీ చెప్పిన రకం నూనే పొయ్యాలి. వేరే రకం పోస్తే రబ్బరు మెత్తబడి, రాలిన ముక్కలు నూనె పంపు జల్లెడకు అడ్డుపడతాయి. అటువంటి కారుకు బెల్టు బిల్లూ కావాలి, ఏ నూనె పోశారో చెప్పే బిల్లులూ కావాలి.

బేరం ఎలా చెయ్యాలి?

కాగితం లేకపోతే కారు కొనకూడదా? అలా అనను. మిగతాదంతా బాగుంటే నిక్షేపంగా కొనవచ్చు. కాకపోతే "బెల్టు మార్చలేదు" అని లెక్కవేసుకొని కొనాలి. చూడటానికి వెళ్ళేముందే ఆ ఇంజనుకు బెల్టు, టెన్షనరు, ఐడ్లరు, వాటర్ పంపు ఎంతవుతాయో స్పేరుపార్టుల దుకాణంలోనూ, కూలీ ఎంతో షెడ్డులోనూ కనుక్కోండి. చీటీమీద రాసుకొని జేబులో పెట్టుకోండి. "తగ్గించండి, తగ్గించండి" అని నసపెట్టేవాడికంటె, "ఇదిగో, రేపు నేను పెట్టబోయే ఖర్చు ఇది" అని చీటీ చూపించినవాడి మాటకు బరువెక్కువ. నిజాయితీగల అమ్మకందారు ఒప్పుకుంటాడు. ఒప్పుకోనివాడి సంగతి కూడా మనకు అక్కడే తెలిసిపోతుంది.

కొన్నాక మాత్రం వాయిదా వెయ్యకండి. బెల్టు వయసు తెలియని కారును తీసుకొని నేరుగా తిరుపతి ప్రయాణం కట్టేవారున్నారు. మొక్కు తరవాత తీర్చుకోవచ్చు, ముందు షెడ్డుకు పోనివ్వండి. అసలైన కంపెనీ సరుకే వేయించండి. పాత బెల్టు మీ చేతికి ఇమ్మనండి. బిగించాక స్టార్టు చేసేముందు మేస్త్రీ కింది ఇరుసును పానాతో చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూసుకోవాలి. పని తెలిసినవాడు అడగకుండానే అలా తిప్పుతాడు. తిప్పనివాడిని మీరు అడగండి, తప్పులేదు. లోపల ఏదైనా తగిలేటట్టుంటే చేతికి తెలుస్తుంది, స్టార్టరుకు తెలియదు.

చివరగా మరొక్క మాట. ఇవాళ కొనే మనమే నాలుగేళ్ళకు అమ్మేవాళ్ళం. మా మాస్టారు ఆ కారును 2023లో అమ్మారు. అప్పటికి మా అత్తగారు లేరు. చివరిదాకా ఆవిడ ఆ కారులోనే గుంటూరు వెళ్ళివచ్చింది, మళ్ళీ ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. కొనటానికి వచ్చినవాడు చంటిబిడ్డ తండ్రి. కారు చుట్టూ తిరిగి రంగు చూస్తున్నాడు. మాస్టారు అతన్ని అరుగుమీద కూర్చోబెట్టి, ఒక ఫైలు చేతిలో పెట్టారు. టైమింగు బెల్టు బిల్లు మొదటి పేజీలో వుంది, కిలోమీటర్లతో, తేదీతో, టెన్షనరుతో సహా. పక్కన ఎర్రసిరాతో మాస్టారి దస్తూరీ: మళ్ళీ ఎప్పటికి మార్చాలో కిలోమీటర్లూ, సంవత్సరమూ.

"ముందిది చదువు నాయనా. తొందరేం లేదు, పూర్తిగా చదువు" అన్నారాయన.